మూకుడు మీద పందెం

బస్సుల షెడ్డు గేటు పక్కన క్యాంటీన్ నడిపే మనిషి ఆమె. మొగుడు ఆ షెడ్డులోనే మెకానిక్. అతనికి వేపుడు లేనిదే ముద్ద దిగదు. అతని పెద్దపేగులో క్యాన్సర్ గడ్డను డాక్టర్లు కోసి తీసేశారు. అతను కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగిన పూటే, ఆసుపత్రి వరండాలో అతని అక్క అందుకుంది. మరదలి మూకుడే తమ్ముడి పేగు తినేసిందని, కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచి పెట్టిందని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు.

ఆమె తల దించలేదు. డాక్టరమ్మ చెప్పిన ప్రతి మాటా చెవిన వేసుకుని ఉంది. పేగు గోడలో వాపు నివురుగప్పిన నిప్పులా ఏళ్ల తరబడి రగులుతుందట. ఒంట్లో పేరుకున్న కొవ్వు ఆ నిప్పులో ఆజ్యం పోస్తుందట. అయినా ఫలానాదే కారణమని వేలు పెట్టి చూపించలేరట. ఇంటి రక్తంలోనూ రావచ్చు కాబట్టి తోబుట్టువులు పేగులోకి కెమెరా పంపే పరీక్ష చేయించుకోవాలంది. ఆ మాటకే వదిన మొహం తిప్పుకుంది. వెనకనుంచి కెమెరా ఏమిటి, సిగ్గుమాలిన పని. పైగా తను పుల్లలా ఉంటుంది, వేపుడు ముట్టదు.

"నూనెదీ పాపం ఉంది వదినా, కాదనను. పాత నూనె నిన్ననే పారబోశాను. మరి నేను కాపురానికి రాకముందే మామగారు కడుపునొప్పితో, నెత్తురు పడీ పడీ పోయారు కదా. ఆయన తిన్నది ఎవరి వంట?"

తల్లి లేని ఆ ఇంట్లో వండిపెట్టింది వదినే. చుట్టాల చూపులు ఆవిడ వైపు తిరిగాయి.

"పరీక్షకు రండి. మీలో ఏమీ లేదని తేలితే, నా ఇనప మూకుడు మీ కళ్లముందే షెడ్డు తుక్కులో పడేసి క్యాంటీన్ మూసేస్తా."

"మాట మీద నిలబడతావా?"

"నేనెప్పుడు తప్పాను?"

వదిన వచ్చింది, జబ్బు భయంతో కాదు, పందెం గెలవాలని. పేగు కడిగే మందునీళ్లను గుక్కకో తిట్టు చొప్పున మరదల్ని తిడుతూ తాగింది.

కెమెరాకు రెండు బొడిపెలు దొరికాయి. వదిలేస్తే క్యాన్సర్‌గా ముదిరే రకమని చెప్పి అక్కడికక్కడే తీసేశారు.

మత్తు దిగాక వదిన మరదల్ని దగ్గరికి పిలిచింది.

"మూకుడు ఉండనీలే," అంది. "నూనె మాత్రం ఏ రోజుది ఆ రోజే పారబొయ్యి."

"పోస్తాను. మీ చెల్లెలు కూడా పరీక్షకు రానని మొండికేసింది."

వదిన దిండు కింద తడిమి ఫోను తీసి చెల్లెలికి కలిపింది.

"ఏమే, నీకు రోషముందా లేదా?"