ఐదున్నర శ్రుతి

దయానంద్ చెవి పోయిన రోజు ఆదివారం. చిత్తూరులో వాళ్ళ చర్చిలో మొదటి పాటకు ఆయన ఎప్పటిలాగే హార్మోనియం ముందు కూర్చున్నాడు. రిటైరై వచ్చినప్పటి నుంచి అక్కడ ఆ పని ఆయనదే. ఆ రోజు పాడేవాళ్ళు ఎత్తుకున్న శ్రుతి ఒకటి, ఆయన వాయిస్తున్నది ఇంకొకటి. చరణం సగానికి వచ్చేసరికి వెనక బెంచీల్లోని పిల్లలు కూడా తలలెత్తి చూశారు. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని, మామూలుగా తల ఊపుతూ వాయిస్తూనే ఉన్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ఆయన భార్య గ్రేసీ లేచి వచ్చి, హార్మోనియం మెట్ల మీద కదులుతున్న ఆయన వేళ్ళపైన తన చెయ్యి ఉంచింది. అప్పుడు కళ్ళు తెరిచాడు. అందరూ తనవైపే చూస్తున్నారని అప్పుడు తెలిసింది.

ఈ సంగతి ఆయన స్నేహితుడు సుందరరాజుకు గ్రేసీయే ఫోన్ చేసి చెప్పింది. ఆ చెవి ఆ పొద్దు పోలేదని, వారం రోజులుగా పోతూ వచ్చిందని సుందరరాజుకు తెలుసు.

సుందరరాజు తెలుగు మాస్టరు, దయానంద్ లెక్కల మాస్టరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో సత్యవేడు హైస్కూల్లో కలిశారు. తర్వాత బదిలీలు ఎన్ని అయినా, ఇద్దరూ రిటైరై చిత్తూరులో రెండు వీధుల ఎడంలో ఇళ్ళు కట్టుకున్నా, కచేరీకి పోవడం మాత్రం కలిసే. దయానంద్‌కు చిన్నప్పుడు తట్టు పోసి ఎడమ చెవి పోయింది. అందుకని ఏ హాలుకు పోయినా ఎడమవైపు చివరి కుర్చీల్లో కూర్చునేవాళ్ళు. అలా కూర్చుంటే వేదిక ఆయన కుడి చెవికి ఎదురుగా ఉంటుంది. ఆ కుడిపక్క కుర్చీ సుందరరాజుది.

ఫిబ్రవరిలో తిరుపతిలో ఒక సభ వాళ్ళు పది రోజుల సంగీతోత్సవం పెట్టారు. ఇద్దరూ సుందరరాజు అక్క ఇంట్లో దిగి, రోజూ సాయంత్రం నడిచి పోయేవాళ్ళు. నాలుగో రోజు ఆదివారం. మధ్యాహ్నం అన్నం దగ్గర దయానంద్ కుడి చెవి రుద్దుకున్నాడు.

"రాజూ, పొద్దున్నించీ చెవిలో గుయ్యిమంటా ఉండాది."

"శ్రుతి ఎంతో సూడు," అన్నాడు సుందరరాజు.

దయానంద్ నిజంగానే చూశాడు. ముద్ద చేతిలో పట్టుకుని, కాసేపు సన్నగా కూనిరాగం తీసి, లోపలి మోతతో కలిపి చూసుకుని, ఐదున్నర అన్నాడు.

"ఇంకేమబ్బా, సాయంత్రం పాడే ఆమెది కూడా ఐదున్నరే. తంబురా తెచ్చుకునే పని లేదు ఆమెకి."

వడ్డిస్తున్న అక్క కూడా నవ్వింది. అప్పటి నుంచి అదొక ఆట అయింది. రోజూ వేదిక మీద శ్రుతి పెట్టగానే సుందరరాజు పక్కకు తిరిగి, కలిసిందా అని సైగ చేసేవాడు. దయానంద్ వేళ్ళతో అర శ్రుతి ఎక్కువనో, ఒకటి తక్కువనో చూపించేవాడు. అరవై దాటిన ఇద్దరు పంతుళ్ళు ఒక రోగాన్ని తీసుకుని దానికి శ్రుతి కొలుస్తూ కూర్చున్నారు. ఏడో రోజు దయానంద్ ఆట మానేశాడు. మృదంగం పక్క వీధిలో వాయిస్తున్నట్టు ఉందనీ, చిత్తూరు పోయి చూపించుకుని వస్తాననీ అన్నాడు.

"ఇంకా మూడు దినాలే కదా," అన్నాడు సుందరరాజు. "శనివారం, ఆఖరి దినం పాడే ఆమె పాట ఇడిసిపెట్టి పోతామా? గొంతు పోయి ఏడేండ్ల తర్వాత పాడతా ఉండాది. సోమవారం చూపించుకుందువులే."

దయానంద్ సరే అన్నాడు. ఆయన సుందరరాజు మాట తీసేయడం తక్కువ.

సోమవారం చిత్తూరులో చెవి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు సుందరరాజు కూడా వెంట ఉన్నాడు. ఆమె చిన్న వయసు పిల్ల, నిదానంగా మాట్లాడేది. ఎప్పుడు మొదలైందని కాగితం మీద రాసి చూపించింది. దయానంద్ ఒకసారి సుందరరాజు వైపు చూసి, "శనివారం" అన్నాడు, గదంతా మోగేటట్టు. గ్రేసీ పక్కనే ఉంది. సుందరరాజు గోడ మీదున్న చెవి బొమ్మను చూస్తూ నిలబడ్డాడు.

రెండు రోజుల్లోనే వచ్చారు కాబట్టి చాలామటుకు తిరిగి రావచ్చని డాక్టరు ధైర్యం చెప్పింది. వారం పైన అయి ఉంటే చెప్పలేమని కూడా అంది. ఇంజెక్షన్లు చేసింది, మాత్రలు ఇచ్చింది. నెల గడిచింది. ఏమీ తిరిగి రాలేదు. లోపల పెట్టే యంత్రం ఒకటి ఉందట. దానితో మాటలు అర్థం కావచ్చు గాని పాట పాటలా వినబడదని చెప్పారు. దయానంద్ దాని గురించి ఇంకేమీ అడగలేదు.

మాట్లాడుకోవడానికి గ్రేసీ ఒక పలక, బలపాల డబ్బా కొని తెచ్చింది. చెప్పదలుచుకున్నది రాసి చూపిస్తే ఆయన నోటితో జవాబు చెబుతాడు. తన గొంతు తనకు వినబడదు కాబట్టి ప్రతి మాటా వీధిలోకి వినబడేది. ఒకరోజు అట్లాగే గట్టిగా అడిగాడు.

"రాజూ, మనం పోయిన కచేరీలన్నీ రాసియ్యబ్బా. ఏ హాలు, ఎవురు పాడినారు, ఏం జరిగింది, అంతా రాయి. చదువుకుంటే లోపల్నన్నా వినపడతాదేమో సూస్తా."

సుందరరాజు ఆ సాయంత్రమే రెండు వందల పేజీల నోట్‌బుక్ కొన్నాడు. ఆయన భార్య పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో రాసుకోవడానికి కావలసినంత నిశ్శబ్దం ఉంది. రోజుకొక కచేరీ రాసి, మర్నాడు పొద్దున తీసుకుపోయి ఇచ్చేవాడు. మరచిపోయాననుకున్నవి కలం పట్టుకుంటే వచ్చాయి.

కార్వేటినగరం గుడి ఉత్సవం రాశాడు. ఊరేగింపు రెండో వీధి తిరగకముందే వాన దిగింది. స్వామిని పక్కనే ఉన్న రాతి మండపంలోకి తెచ్చారు, జనమంతా వెనకే దూరారు. నాదస్వరం ఆయన మెడలో దారానికి ఊదే పీకలు వేలాడుతున్నాయి. తడిసినదాన్ని తీసి ఇంకొకటి బిగించి, నిలబడిన చోటనే మోహన రాగం అందుకున్నాడు. వినేవాళ్ళకూ ఆయనకూ మధ్య మూరెడు దూరం. డోలు మీద దెబ్బ పడితే స్తంభాలు అదిరాయి. దయానంద్ తన చచ్చిన ఎడమ చెవిని స్తంభానికి ఆనించి, ఈ చెవిలో కూడా వస్తా ఉండాది రాజూ అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పిచ్చివాడనుకున్నారు.

తిరుపతిలో రేకుల కప్పు కల్యాణమండపం గురించి రాశాడు. ఇప్పుడది లేదు, ఆ చోట బట్టల కొట్టు ఉంది. ఒక మే నెలలో, పాట మధ్యలో కరెంటు పోయింది. మైకు పోయింది, ఫ్యాన్లు ఆగాయి. గాయకుడు చాప తీసుకుని వేదిక అంచుకు జరిగి కూర్చుని, ఆపిన చోటి నుంచే మళ్ళీ ఎత్తుకున్నాడు. జనం కుర్చీలు వదిలి ముందుకొచ్చి నేల మీద కూర్చున్నారు. మర్నాటి పెళ్ళికి వంట చేస్తున్నవాళ్ళు గరిటెలతోనే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఫ్యాన్లు ఆగాక గాని ఆ హాల్లో నిజంగా ఏం వినబడుతుందో తెలియలేదు. కరెంటు వచ్చినప్పుడు, ఫ్యాన్లు ఆపెయ్యండయ్యా అని ఎవరో కేక వేశారు.

సత్యవేడు స్కూలు వరండా కూడా రాశాడు. మద్రాసు బస్సు తప్పిపోయిన ఒక మృదంగం విద్వాంసుణ్ణి దయానంద్ బస్టాండులో పట్టుకుని స్కూలుకు తీసుకొచ్చాడు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ రోజు భిన్నాల లెక్క ఆ విద్వాంసుడి చేతి మీదే జరిగింది. ముప్పావు, ఒకటింబావు, రెండున్నర. పిల్లలు బెంచీల మీద చరుస్తూ లెక్కకు సరిపోయే చోట ఒక్కసారిగా ఆగారు. ఒక్క పిల్లవాడు మాత్రం ఆగక ఇంకొక దెబ్బ వేస్తే, విద్వాంసుడు అది కూడా లెక్కలో కలుపుకుని ముగించాడు. తాను చూసిన హాళ్ళన్నిటిలోకీ ఆ వరండాయే మంచిదని దయానంద్ తర్వాత చాలాసార్లు అన్నాడు.

ఆ నోట్‌బుక్‌ను దయానంద్ కంటే ముందు గ్రేసీ చదివేది. వరండా పేజీ చదివిన రోజు, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "ఇన్ని యేషాలేసినారా అన్నా మీరిద్దరూ? నాకు స్కూలు ఇన్‌స్పెక్షన్ అని సెప్పి పోయేవాడు." పెళ్ళయినప్పటి నుంచి ఆమెకు సుందరరాజు అన్నే. ఆయన భార్య పోయాక మధ్యాహ్నం కూర గిన్నె ఒకటి రోజూ ఆ ఇంటి నుంచే వచ్చేది.

అట్లా నోట్‌బుక్ నిండుతూ వచ్చి, ఆఖరున ఫిబ్రవరి ఉత్సవం మిగిలింది. మొదటి మూడు రోజులూ రాశాడు. నాలుగో రోజు రాయాలంటే అన్నం దగ్గరి మాటలు రాయాలి. దాన్నీ, తర్వాతి రోజులనూ దాటేసి ఆఖరి రోజు పేజీ తెరిచి, పైన తేదీ, హాలు పేరు రాశాడు. కలం అక్కడ ఆగింది.

ఆ శనివారం ఆ గాయని తోడి రాగంలో కీర్తన పాడింది. జబ్బుపడి లేచిన గొంతు గనుక పై స్థాయికి పోకుండా కిందనే తిరిగింది. ఒక్కొక్క స్వరం దగ్గర, ఇక్కడ ఉండనిస్తారా అని అడుగుతున్నట్టు నిలిచింది. అప్పుడే సుందరరాజు పక్కకు చూశాడు. దయానంద్ తొడ మీద తాళం వేస్తున్నాడు. ఆ చెయ్యి పాట కంటే ఒక క్షణం ఆలస్యంగా పడుతోంది. ఆయన పాటను వినడం లేదు, ఆమె చేతిని చూసి తాళం వేస్తున్నాడు. మొహం మీద మాత్రం నవ్వు ఉంది. సుందరరాజుకు అంతా అర్థమైంది. అర్థమైనా లేవలేదు. మళ్ళీ వేదిక వైపు తిరిగి, చివరిదాకా విన్నాడు. ఆయన జీవితంలో విన్న కచేరీలన్నిటిలోకీ అదే గొప్పది. రాస్తే ఇదే రాయాలి. ఇంకోలా రాయడం ఆయనకు చేతకాదు, ఇదిట్లా రాసి గ్రేసీ చేతికి ఇవ్వడమూ చేతకాలేదు.

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం గ్రేసీ ఆయన ముందు తెల్లకాగితాలు పెట్టింది. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు కదా, ఆ డాక్టరు మీద ఇవ్వాలని చెప్పింది. రెండు రోజులకే పోయినా చెవి రాలేదంటే ఆ పిల్ల తప్పుడు మందు ఇచ్చి ఉంటుందని ఆమె లెక్క. చర్చిలో వాళ్ళు కూడా అదే అన్నారట.

"నేను రాస్తే ఏడుపొస్తా ఉండాదన్నా. మీ చేత్తో రాసియ్యండి. మీ రాత చూస్తే ఎవురైనా నమ్ముతారు."

కాఫీ పెడతానని లోపలికి పోయింది. దయానంద్‌కు ఏం జరిగిందో తెలియక ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. సుందరరాజు పలక తీసుకుని రాశాడు: డాక్టరు మీద అర్జీ రాయమంటోంది. ఈరోజు గ్రేసీకి నిజం చెప్పేస్తాను.

దయానంద్ చదివి, అరచేత్తో పలకంతా తుడిచేశాడు. "వద్దు," అన్నాడు.

"ఏం వద్దంటా?" వంటింట్లోంచి గ్రేసీ అడిగింది.

దయానంద్ ఆయన చేతిలోని బలపం లాక్కున్నాడు. చెవి పోయాక ఆయన పలక మీద రాయడం అదే మొదటిసారి. లెక్కల మాస్టరు రాత, పెద్ద పెద్ద అక్షరాలు.

చెప్తే నిన్ను ఇంట్లోకి రానీదు. నువ్వు రాకపోతే నాకెవరున్నారు?

సుందరరాజు దాని కింద రాశాడు: ఆ పిల్ల ఏం తప్పు చేసింది?

దయానంద్ అది చదివి, బలపం తీసుకుని డబ్బాలో పెట్టేశాడు. గ్రేసీ గాజుల చప్పుడు దగ్గరికి వస్తుంటే సుందరరాజే పలక తుడిచాడు. ఆమె ఆయన ముందు గ్లాసు పెట్టి, తెల్లకాగితాలు కాఫీకి అంటకుండా పక్కకు జరిపింది.

"రాజూ," దయానంద్ పిలిచాడు. గ్రేసీ ఉందని తెలిసే పిలిచాడు. "ఆఖరి దినం కచేరీ ఎప్పుడు రాస్తావు? ఆమె ఏం పాడిందో నాకు కావాల."

"అవునన్నా," అంది గ్రేసీ. "దానికోసరమే కాసుకోనుండాడు. అర్జీ అయినాక అది రాసియ్యండి."

సుందరరాజు కాఫీ తాగి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, ఇంట్లో నిదానంగా రాస్తానని చెప్పి వచ్చేశాడు. ఆదివారం జ్వరమని కబురు చేశాడు. జ్వరం లేదు. గ్రేసీ మిరియాల చారు తెచ్చి ఇచ్చి, తొందరేం లేదన్నా, వచ్చే సోమవారం పోదాంలే అంది. ఆమె పోయేదాకా ఆయన మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత మూడు సోమవారాలు పోయాయి. నోట్‌బుక్‌లో ఆ పేజీ మీద తేదీ, హాలు పేరు ఉన్నాయి. అర్జీ రాయలేదు. ఎందుకు రాయలేదో గ్రేసీకి ఇంకా చెప్పలేదు.