బిగించి కూర్చున్న మనిషి

చివరి నట్టు కూడా విప్పి పాత డబ్బా మూతలో వేసి, ఎడమ వెనక చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్యకు లాక్కున్నాడు నిదానం. చక్రం పేచీ పెట్టకుండా వచ్చేసింది. దాని వెనకున్న బ్రేక్ డిస్క్ మాత్రం, అందరూ లేచినా కుర్చీ వదలని చుట్టంలా అక్కడే ఉండిపోయింది. దాన్ని చేత్తో తిప్పి చూశాడు. కదల్లేదు. బ్రేకును పట్టే కాలిపర్ విప్పి, రబ్బరు గొట్టం మీద బరువు పడకుండా తీగతో పైన స్ప్రింగుకు వేలాడదీశాడు. డిస్క్‌ను పట్టి ఉంచే చిన్న మరలు రెండూ తీశాడు. సుత్తితో చుట్టూ తట్టాడు. ఎర్రటి తుప్పు పొడిపొడిగా రాలి అతని చెప్పుల మీద పడింది తప్ప డిస్క్ చలించలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. తుప్పు పట్టిన ఇనుము ఆ ఇద్దరినీ మించింది.

అతని అసలు పేరు అక్కకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. గారేజీలో చేరిన కొత్తలోనే నిదానం అని పేరు పెట్టేశారు. నిదానమే ప్రధానం అన్న పెద్దమనిషి ఇతన్ని చూసి ఉంటే సామెత వెనక్కి తీసుకునేవాడని ఓనరు అంటుంటాడు. వయసులో ఉన్నప్పుడు ఒక సంబంధం వస్తే ఆలోచించి చెబుతానన్నాడట. ఆలోచించి సరేననుకునేసరికి ఆ అమ్మాయి కూతురు బళ్లో చేరింది. దానికి అతను బాధపడలేదా అంటే, పడ్డాడు. అదీ నిదానంగానే, ఏళ్ల తరబడి, ఎవరికీ తెలియకుండా.

గారేజీలో అతని వెనక బళ్లు బారులు తీరుతున్నాయని, ఓనరు అతన్ని ఇళ్లకు పంపడం మొదలుపెట్టాడు. ఏళ్లుగా కదలక షెడ్లలో పడి ఉన్న కార్లు అతని వాటాకు వచ్చాయి. కారు అలా పడి ఉందంటే, దాన్ని నడిపే మనిషి ఆ ఇంట్లో లేడని అర్థం. నడిపిన మనిషి పోయినా సీటులో అతని గుంట ఉంటుంది. అద్దం అతని కళ్ల ఎత్తుకే తిప్పి ఉంటుంది. అలాంటి కారు తలుపు తీసే ముందు నిదానం ఒకసారి గొంతు సవరించుకుంటాడు. ఎందుకని అడిగితే, "ఏమో, అలవాటు" అంటాడు.

పొద్దున బయల్దేరేటప్పుడు ఎడమ భుజం లాగుతోందని అక్కతో అన్నాడు.

"సంచీ ఇటు చేతికి మార్చుకోరా. ఆ ఇనుపముక్కని మోసీ మోసీ భుజం అరిగిపోయుంటుంది" అంది ఆవిడ.

"సరే" అన్నాడు. మార్చుకోలేదు.

ఇప్పుడా ఇనుపముక్కనే సంచీలోంచి తీశాడు. మూడు వంకర కాళ్లు, నడుమ పొడవాటి మర. పుల్లర్ అంటారు. కాళ్ల కొనలను డిస్క్ వెనక అంచుకు తగిలించి, మర మొనను నడిమి ఇరుసుకు ఆనించి బిగిస్తే, కాళ్లు డిస్క్‌ను ముందుకు గుంజుతాయి. గారేజీలో కుర్రకారు దాన్ని ఒక్క ఊపున బిగించి, డిస్క్‌నైనా విరగ్గొడతారు, పుల్లర్ కాలినైనా విరగ్గొడతారు. నిదానం పద్ధతి వేరు. సందుల్లో తుప్పు వదిలించే నూనె పోస్తాడు. డిస్క్ ఎగిరి మీద పడకుండా ఒక నట్టును నాలుగు చుట్లు తిరిగి ఎక్కిస్తాడు. మరను ఒక్క అర చుట్టు బిగిస్తాడు. ఆ తర్వాత దానికి వీపు తిప్పి కూర్చుంటాడు. ఇనుము బిగువు మీద ఉంది, తనంతట తనే వదలాలి. వదిలేటప్పుడు తుపాకీ పేలినంత చప్పుడు చేస్తుంది. ఇన్నేళ్లలో ఆ చప్పుడుకు అతను ఉలిక్కిపడని రోజు లేదు, అది రాకముందు లేచి వెళ్లిపోయిన రోజూ లేదు.

అర చుట్టు బిగించి, తిరగేసిన బకెట్ మీద కూర్చున్నాడు. షెడ్డుకు ఎదురుగా వంటగది గుమ్మం. ఇంటావిడ పొద్దుటి నుంచి ఆ గుమ్మంలోకి వస్తూ పోతూ ఉంది. లైబ్రరీలో పనిచేసి మానేసిన ఆవిడ, అరవై దాటి ఉంటాయి. కళ్ల కింద నల్లటి చారలు. మనిషికి నిద్ర కరువై చాలాకాలమైందని చూడగానే తెలుస్తుంది.

"సాయంత్రానికి చక్రం తిరుగుతుందంటారా?" అని అడిగింది, అప్పటికే అడిగిన మాటే అయినా.

"కుడిది తిరిగిందమ్మా. ఇదొక్కటే ఉడుంపట్టు పట్టింది. వదులుద్ది."

"వదలకపోతే?"

అతను జవాబు వెతుక్కునే లోపల ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

ఎండ షెడ్డు గడప దాకా జరిగింది. గోడ మీద బల్లి లేదు, ఈగ లేదు. అప్పుడు అతని వీపు వెనక, కారు లోపల, చప్పుడైంది. డిస్క్ వదిలిన చప్పుడు కాదు. కర్ర్, కర్ర్, కర్ర్ అని పళ్ల మీద పళ్లు పడుతూ, ఎవరో తీరుబడిగా చేతి బ్రేకు పైకి లాగిన చప్పుడు.

ఆవిడే వచ్చి కారెక్కిందేమో అనుకుంటూ లేచాడు. కారులో ఎవరూ లేరు. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. సీట్ల నడుమ చేతి బ్రేకు కర్ర ఆకాశం చూస్తూ నిలబడి ఉంది. పని మొదలుపెట్టేటప్పుడు ముందు చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, ఆ కర్రను దించింది అతనే. అది లేచి ఉంటే లోపలి బ్రేకు డిస్క్‌ను గట్టిగా పట్టుకుంటుంది. ఇక పుల్లర్ కాదు కదా, ఏనుగు లాగినా రాదు.

తల తిప్పి చూస్తే ఆవిడ గుమ్మంలో ఉంది. చేతిలో తడిగుడ్డ కారుతోంది.

"మీకూ వినిపించిందా?" అంది.

"వినిపించిందమ్మా."

ఆవిడ మెట్టు మీద కూలబడి, గుడ్డను ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. భయంతో కాదు. ఇన్నాళ్లకు ఇంకొక మనిషి ఆ మాట అన్నందుకు. నిదానం చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"రోజూ పొద్దువాలే వేళకి వినబడుతుంది" అంది ఆవిడ, కాస్త తేరుకున్నాక. "ఆయన పోయిన దగ్గర్నుంచీ. అన్నయ్యకి చెబితే నాకు మతి చెడిందన్నాడు. సాయంత్రం కారు కొనే ఆయన్ని తీసుకొస్తున్నాడు. కారు ఇక్కణ్ణుంచి కదిలితే సరే. కదలకపోతే ఇంటికి తాళం వేసి నన్ను వాళ్లింటి వెనక గదిలో పెడతాట్ట. డాక్టరుకి కూడా చూపిస్తాట్ట. ఈ ఇంట్లో నేను నా చేత్తో అమర్చని గిన్నె లేదండీ. ఆ గదిలో కిటికీ కూడా లేదు."

"సారుకి చేతి బ్రేకంటే అంత పట్టింపా?"

"ఒకసారి నేను గేటు వేస్తుంటే కారు దానంతటదే జారి నన్ను గేటుకి అదిమేసింది. బతికి బయటపడ్డాను. ఆ తర్వాత ఆయనకి ఆ కర్ర మీద తప్ప దేవుడి మీద కూడా నమ్మకం పోయింది. నేల చదునుగా ఉన్నా లాగేవాడు. మంచమెక్కి కూడా మళ్లీ లేచొచ్చి చూసుకునేవాడు. నేను నవ్వేదాన్ని." ఆవిడ కారు వైపు చూసింది. "ఇప్పుడు ఆయన్ని నేనే తరిమేస్తున్నట్టుంది. కానీ నేను నిద్రపోవాలి కదండీ."

నిదానం గొంతు సవరించుకుని కారు తలుపు తీసి, కర్రను దించి, తలుపు వేశాడు. వెనక్కి వచ్చి మరను ఇంకాస్త బిగించాడు. బకెట్ మీద కూర్చున్నాడో లేదో మళ్లీ కర్ర్, కర్ర్ అంది. ఈసారి ఇంకా నెమ్మదిగా. పిల్లవాడికి అర్థమయ్యేలా చెబుతున్నట్టు.

అతనికి సంచీ సర్దుకుని వెళ్లిపోదామనిపించింది. గేటు దాకా నాలుగు అడుగులు వేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. కానీ బిగించిన పుల్లర్‌ను వదిలి వెళ్లడం అతనికి చేతకాదు. గుమ్మం వైపు తిరిగి, "కాస్త టీ పెట్టండమ్మా" అన్నాడు. ఆవిడ లోపలికి వెళ్లింది.

తలుపు తీశాడు. తుప్పూ నూనే అంటిన చెప్పులతో తివాచీ పాడవుతుందని, వాటిని తలుపు పక్కన నేల మీద విడిచి, డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. గుంట అతనికి కొంచెం పెద్దది. కర్ర కొనన ఉన్న మీట నొక్కి కిందికి దించి, అరచెయ్యి దాని మీద అలాగే ఉంచాడు.

కాసేపటికి కర్ర అతని చేతి కింద పైకి తోయసాగింది. దూకుడు లేదు, కోపం లేదు. పట్టుదల మాత్రం ఉంది. అతను కిందికి నొక్కితే అంతే బలంతో పైకి వస్తోంది. వేళ్లకు చల్లదనం తగిలింది. ఎడమ భుజంలోని నొప్పి ఛాతీలోకి దిగి, అక్కడ బిగుసుకుని నిలబడింది. గారేజీలో మాట తక్కువ మనిషి, ఇప్పుడు ఖాళీ కారులో మాట్లాడాడు.

"సారూ, నేల చదునుగానే ఉంది. ముందు చక్రాలకి ఇటుకలు పెట్టాను. బండి ఎటూ జారదు. అమ్మగారు లోపలున్నారు, క్షేమంగానే ఉన్నారు. మీరు చాలా కాలం చూసుకున్నారు. ఇక వెళ్లండి. నేను చూసుకుంటాను."

కర్ర అతని చేతి కింద కొంచెంసేపు తటపటాయించింది. ఆ తటపటాయింపు అతనికి బాగా తెలుసు, అతనూ అలాంటి మనిషే. తర్వాత అది మెత్తబడింది. అడుగుకంటా దిగి ఊరుకుంది. పక్క సీటు వైపు నుంచి గాలి ఒకటి అతని మోకాళ్ల మీదుగా బయటికి వెళ్లినట్టయింది.

చెయ్యి తీయలేదు. చూసుకుంటానన్నాక తీయడమెలా? వెనక్కి వాలాడు. ఛాతీలో బిగువు పెరుగుతోంది. ఎవరో అర చుట్టు తర్వాత అర చుట్టు ఓపిగ్గా బిగిస్తున్నట్టు ఉంది. తొందరపడితే విరుగుతుంది, కూర్చుంటే వదులుతుంది అనుకున్నాడు. అక్క గుర్తొచ్చింది. కూతుర్ని బళ్లో చేర్చిన ఆ అమ్మాయి గుర్తొచ్చింది. అద్దంలో గుమ్మం కనిపిస్తోంది, అందులో లోపలి పొయ్యి వెలుగు కనిపిస్తోంది. కళ్లు మూసుకున్నాడు.

వంటగదిలో ఆవిడ టీ వడపోస్తుండగా తుపాకీ పేలినట్టు చప్పుడైంది. చెయ్యి తొణికి టీ ఒలికింది. గ్లాసు పట్టుకుని పరుగున వచ్చింది. డిస్క్ ఊడి, నట్టు మీద వేలాడుతూ ఇంకా సన్నగా మోగుతోంది. నిదానం సీట్లో వెనక్కి వాలి ఉన్నాడు. చప్పుడుకు ఉలిక్కిపడినవాడిలా లేడు.

"ఏమండీ, వచ్చేసింది" అంది ఆవిడ సంతోషంగా. ఇంకోసారి పిలిచింది. మూడోసారి పిలవలేదు.

పొద్దువాలే వేళకు అన్నయ్య వచ్చాడు, కొనే ఆయనా వచ్చాడు. ఇద్దరూ గేటు దగ్గరే ఆగిపోయారు. గారేజీ ఓనరు వచ్చి, బాబాయ్ బాబాయ్ అంటూ పసివాడిలా ఏడ్చాడు. చేతి బ్రేకు మీది వేళ్లను విప్పడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. ఆ రాత్రే అక్కను పిలిపించారు. సంచీ ఆవిడకు అప్పగిస్తే, సామాన్లన్నీ ఉన్నాయో లేవో చూడకుండా గుండెకు హత్తుకుని తీసుకుపోయింది. తర్వాత ఓనరే వచ్చి చక్రం బిగించాడు. నెట్టగానే కారు మెత్తగా, ఏమీ ఎరగనట్టు, గేటు దాటి పోయింది. ఇంట్లో చావు చూసిన చెల్లెల్ని ఇక కదిలించకూడదనుకున్నాడో ఏమో, అన్నయ్య వెనక గది మాట మళ్లీ ఎత్తలేదు.

సాయంత్రాలు చప్పుడు లేదు. ఆవిడకు నిద్ర పట్టింది, ఒళ్లెరగని నిద్ర. కళ్ల కింద చారలు పోయాయి. నెల గడిచాక, షెడ్డు తుడిచిపెడదామని చీపురు పట్టుకుని వెళ్లింది. పొద్దువాలుతోంది. కారు ఉన్న చోటంతా సన్నని బూడిదరంగు దుమ్ము పేరుకుని ఉంది, అడుగు ముద్ర లేకుండా. డ్రైవరు తలుపు ఉండే చోటు పక్కన, ఆ రోజు హడావిడిలో ఎవరూ తలుచుకోని అతని చెప్పుల జత. వాటి మీద దుమ్ము లేదు.

ఆవిడకు భయం వేయలేదు. సిగ్గు వేసింది. ఒక మనిషికి సెలవిప్పించడానికి ఇంకొక మనిషిని కాపలా పెట్టి, తాను హాయిగా నిద్రపోయింది.

"కారు వెళ్లిపోయిందండీ" అంది ఖాళీ షెడ్డుతో. "ఇక చూసుకోవడానికి ఏమీ లేదు. మీరూ వెళ్లండి."

చాలాసేపు నిలబడింది. అతను దేనికైనా జవాబు చెప్పడానికి టైము తీసుకునే మనిషని ఓనరు చెప్పగా విన్నది. చీకటి పడేదాకా చూసి, వంగి, చెప్పుల్లో ఒకదాన్ని వేలితో తాకింది. లోపల, మడమ గుంటలో, అట్ట ఇంకా చెమటతో తడిగా, వెచ్చగా ఉంది.