ఏడు తెల్లకోట్లు

ఆదివారం పొద్దున్నే నానబెట్టిన ఏడు తెల్లకోట్లలో నాది ఒక్కటే. మిగతా ఆరూ మా ల్యాబులో మగవాళ్ళవి. "నీదెలాగూ ఉతుక్కుంటావుగా అమ్మా, పనిలో పనిగా వాళ్ళవీ జాడించెయ్," అన్నారు మా గైడు సారు, నేను చేరిన కొత్తలో. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని. సారు మాట శిలాశాసనమే అనుకున్నాను. మా ఆయన బకెట్లోకి తొంగిచూసి, "డాక్టరేట్ ఇందులోంచి వస్తుందని తెలీదే!" అని నవ్వి, తన చొక్కాలు రెండు పైన పడేశాడు.

నా అసలు పని చెబితే ఇంట్లో ఎవరికీ ఎక్కదు. వెలుగునిచ్చే పాలిమర్ ఒకటుంది, అది నీళ్ళలో కలవదు. ద్రావకంలో కరిగించి నీళ్ళలోకి ఒక్క ఊపున చిమ్మితే, కంటికానని రేణువులై నిలబడుతుంది. అతినీలలోహిత దీపం కింద నారింజరంగులో వెలుగుతుంది. ఎప్పటికైనా ఒంట్లో రోగకణాల్ని పట్టిస్తుందని ఆశ. ఆ ఊపు నా మణికట్టుకి పట్టుబడటానికి రెండేళ్ళు పట్టింది.

మూడు వారాలుగా ఆ నారింజలో ఏదో నీలం. రేణువులు వెయ్యని ఉత్త నీళ్ళలోనూ అదే నీలం. "ఇంటి ధ్యాసతో చేస్తే ఇంతే. శుక్రవారానికి తేలకపోతే ఈ పని అతనికిచ్చేస్తా," అన్నారు సారు, నా జూనియర్ వైపు చూస్తూ. నా చేతులే మంచివి కావేమోనని నేనూ నమ్మాను. గాజుసామానంతా మళ్ళీ మళ్ళీ కడిగాను.

గురువారం దీపం ఆర్పడం మరచి చెయ్యి చాచాను. కోటు అంచు భగ్గున నీలంగా మెరిసింది. ఉత్త నీళ్ళలో తేలుతున్న నూలుపోగూ అంతే. గ్లవ్స్ తీస్తే నా గోళ్ళ సందులూ అంతే. నెల కిందట మార్చిన సబ్బుపొడిలో, బట్టలు తెల్లగా కనబడాలని కలిపిన మందు అది. కోటు విప్పేసి, ప్లాస్టిక్ ఏప్రాన్ కట్టుకుని మళ్ళీ చేశాను. నారింజ ఒక్కటే మిగిలింది.

శుక్రవారం సారు అంతా విన్నారు. "పొద్దున్నే అతనికి మాటిచ్చేశానమ్మా. నీ నోట్‌బుక్ అతనికిచ్చెయ్. ఇకనుంచి కోట్లు బాగా జాడించు," అన్నారు.

ఇచ్చేముందు నోట్‌బుక్ చివరి పేజీలో రాశాను: 'నీలానికి కారణం: నేను ఉతికిన కోట్లు. నివారణ: ఉతకడం మానేశాను.' కింద నా పేరు పూర్తిగా రాశాను. ఉతకమని నా సంచిలో వేసిన ఆరు మాసిన కోట్లూ తీసి, ఎవరి కొక్కానికి వాళ్ళది తగిలించాను.

ఆదివారం బకెట్లో నాది ఒక్కటే నానబెట్టాను, ఉత్త నీళ్ళలో.

"మరి ఇవెక్కడ వెయ్యను?" అన్నాడు మా ఆయన, చొక్కాలు చేత్తో పట్టుకుని.

ఇంకో బకెట్ చూపించాను.