స్నానాలగదిలో పగడం

మా ఆయన లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగి. అందుకని దేన్నీ నమ్మరు. కొత్త ప్రెషర్ కుక్కర్ వచ్చినా, కొత్త పనిమనిషి వచ్చినా ఆయన నోట మొదట వచ్చే మాట ఒకటే: "కొన్నాళ్లు గమనిద్దాం." నన్ను మొదటిసారి చూసినప్పుడు కూడా వాళ్లమ్మతో ఇదే మాట అన్నారట. ఆ గమనించడం ఇంకా పూర్తయినట్టు లేదు.

ఆయన ప్రాణమంతా హాల్లో ఉన్న ఉప్పునీళ్ల అక్వేరియంలోనే ఉంటుంది. పగడమంటే నాకు తెలిసింది ఉంగరంలో పొదిగేదే. అది బతికి ఉంటుందనీ, తింటుందనీ, వేళకు దీపం వెయ్యకపోతే అలిగి ముడుచుకుపోతుందనీ ఈయన్ని కట్టుకున్నాకే తెలిసింది. మా అమ్మాయిని బడిలో వేసిన ఏడాది గోరంత పగడం ముక్క తెచ్చి అందులో పెట్టారు. ఇప్పుడది క్యాబేజీ అంత అయింది. అమ్మాయి పెళ్లీడుకొచ్చింది. ఇద్దరిలో ఎవర్ని ఎక్కువ గారం చేశారో నేను చెప్పను, అమ్మాయి వింటే బాధపడుతుంది.

ఆ అక్వేరియంలోకి కొత్తది ఏదీ నేరుగా వెళ్లకూడదు. కొత్త పగడాన్ని అంటిపెట్టుకుని కంటికి ఆనని పురుగులూ, వాటి గుడ్లూ వస్తాయట. అవి లోపల చేరాయంటే పాతవాటిని నమిలి పారేస్తాయట. అందుకని కొత్తదాన్ని ముందు స్నానాలగదిలో ఓ చిన్న తొట్టిలో విడిగా ఉంచి, వారాల తరబడి కళ్లల్లో వత్తులేసుకుని చూస్తారు. అన్నాళ్లూ మేం తల్లీకూతుళ్లం పడకగది పక్కనున్న ఇరుకు బాత్రూంలో మోచేతులు గోడకు కొట్టుకుంటూ స్నానాలు చెయ్యాలి. ఆ ఇంటికి నేనొక అద్దెదారునేమోనని నాకు చాలాసార్లు అనుమానం వచ్చింది.

ఇలాంటి ఇంట్లో మా అమ్మాయి ఒక అబ్బాయిని ఇష్టపడింది. కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్ష చేస్తాడు. అక్షరాలు చదవమంటే ఈమె అతని మొహం చూస్తూ కూర్చుందట. ఆ మాట విన్నాక నాకు ఇంకే విచారణా అవసరం లేకపోయింది. మా ఆయన మాత్రం యథాప్రకారం, "కొన్నాళ్లు గమనిద్దాం" అన్నారు.

"అతన్ని కూడా బాత్రూంలో పెడతారా ఏమిటి?" అన్నాను.

ఆయన నవ్వలేదు. అమ్మాయి కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది.

అబ్బాయి, వాళ్లమ్మ మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచి ఒకటి తెచ్చారు. అందులో ఆకుపచ్చ పగడం. "మీకు ఇష్టమని అమ్మాయి చెప్పింది అన్నయ్యగారూ. వీడు ఎన్ని షాపులు తిరిగాడో!" అందావిడ. మా ఆయన మొహం మతాబాలా వెలిగిపోయింది. వాళ్లు గుమ్మం దాటారో లేదో, సంచి తీసుకుని తిన్నగా స్నానాలగదిలోకి నడిచారు.

రెండు వారాలు కాకుండానే ఆవిడ ఫోన్ చేసింది. "ఆదివారం వస్తున్నాం వదినగారూ. మా పగడం మీ అక్వేరియంలో ఎలా ఉందో చూడాలని ఒకటే ఆత్రం."

అమ్మాయి పరుగున వెళ్లి వాళ్ల నాన్న ఎదుట నిలబడింది.

"నాన్నా, వాళ్లు ముచ్చటపడి ఇచ్చింది బాత్రూంలో పడేశామని తెలిస్తే ఏమనుకుంటారు?"

"పడెయ్యలేదమ్మా. క్వారంటైన్‌లో పెట్టాను."

"వాళ్లమ్మకి అదంతా తెలీదు. బాత్రూం అన్న మాటొక్కటే వినిపిస్తుంది. ఒక్క పూట లోపల పెట్టి తియ్యకూడదా?"

"పురుగుకి ఒక్క పూట చాలు."

"సరే. నాకన్నా అదే ఎక్కువ." అంతే, తలుపు వేసుకుంది. ఆయన ఆ తలుపు వైపు చాలాసేపు చూశారు. నాకు ఒళ్లు మండి, వంటింట్లో గిన్నెలన్నీ అవసరానికి మించి చప్పుడు చేశాను.

ఆదివారం పొద్దున హాల్లోకి వచ్చి చూద్దును కదా, ఆకుపచ్చ పగడం అక్వేరియంలో ఉంది! క్యాబేజీ పగడానికి బెత్తెడు దూరంలో ఉంది. దాని ముందు మా ఆయన తడిసిన చొక్కాతో చతికిలబడి ఉన్నారు. అమ్మాయిని మొదటిరోజు బడిలో దింపి వచ్చినప్పుడు ఆయన మొహం సరిగ్గా ఇలాగే ఉంది. అంతవరకూ నాలో ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు. ఒక గ్లాసు కాఫీ తెచ్చి పక్కన పెట్టాను. ఆయన తాగలేదు.

వాళ్లు వచ్చారు. ఆవిడ అక్వేరియం ముందు నిలబడి, "అబ్బ, ఎంత బావుందో!" అని మురిసిపోయింది. అబ్బాయి వంగి చూశాడు. వంగినవాడు లేవలేదు. ముక్కు అద్దానికి ఆనించి, ఒక కన్ను మూసి మరీ చూశాడు.

"అంకుల్, దీన్ని క్వారంటైన్ చెయ్యకుండా వేసేశారా?"

వీధిలో చేపలు పెంచే ప్రతి ఇంటికీ వెళ్లి క్వారంటైన్ మీద ఉపన్యాసం ఇచ్చి వచ్చిన మనిషి మా ఆయన. నోరు తెరిచారు, మూశారు, మళ్లీ తెరిచారు. లోపల తిరుగుతున్న చేపలు కూడా అదే పని చేస్తున్నాయి.

"ఒరేయ్, పెద్దవాళ్లతో మాట్లాడే తీరేనా అది?" అని వాళ్లమ్మ కసిరింది.

"కాదమ్మా, ఇలాగే తొందరపడి నా తొట్టి మొత్తం పోగొట్టుకున్నాను. అంకుల్, కాడ కింద చూడండి. తెల్లగా, చుట్ట చుట్టినట్టు. గుడ్లు!"

మా ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూశారు. "నాకేం కనబడటం లేదే. రోజూ చూశానే!"

"మీ పవర్ మారింది అంకుల్. తర్వాత చూద్దాం. ముందు దీన్ని తియ్యాలి."

"చేతి గడియారం తియ్యి!" అన్నారు మా ఆయన. " చేతులు కడుక్కో. సబ్బు వద్దు, సబ్బు వద్దు, ఉత్త నీళ్లే!"

అబ్బాయి ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, మోచేయి మునిగేదాకా నీళ్లలో పెట్టాడు. మా ఆయన బకెట్టు పట్టుకుని, "మెల్లగా బాబూ, మెల్లగా, పెద్దదానికి తగలనీకు" అని ప్రాధేయపడుతున్నారు. ఆ మనిషి ఒకరిని బాబూ అనడం నేను వినడం అదే మొదటిసారి.

"ఎక్కడ పెట్టాలి?" అన్నాడు అబ్బాయి, నీళ్లు కారుతున్న చేత్తో.

అమ్మాయే వెళ్లి స్నానాలగది తలుపు తీసింది.

లోపల చిన్న తొట్టి. దానికి ప్రత్యేకంగా దీపం, నీళ్లు చల్లబడకుండా హీటరు, పక్కన భూతద్దం. తొట్టికి ఎదురుగా కుర్చీ, కుర్చీ మీద దిండు. అన్నాళ్లూ ఆయన కూర్చున్న గుంట ఆ దిండు మీద అలాగే ఉంది.

అబ్బాయి ఆ కుర్చీని చూశాడు, మా ఆయన్ని చూశాడు. "ఇక్కడే ఉంచారు కదా అంకుల్. మరి అందులో ఎందుకు పెట్టారు?"

"బాత్రూంలో ఉంచామని మీ అమ్మగారు నొచ్చుకుంటారేమోనని..." అన్నారు మా ఆయన నేల చూపులు చూస్తూ. "అమ్మాయి బెంగ పెట్టుకుంది."

అమ్మాయి ఏడ్చేసింది. నేను కూడా ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు? అబ్బాయి వాళ్లమ్మ మాత్రం మమ్మల్ని తోసుకుని లోపలికి వెళ్లి, తొట్టినీ దీపాన్నీ దిండునీ తనివితీరా చూసింది.

"నొచ్చుకోవడమా! మా పగడానికి విడిగా గదీ, మనిషీనా! వదినగారూ, మా ఇంట్లో నాక్కూడా ఇంత మర్యాద లేదు."

ఆ తర్వాత మామాఅల్లుళ్లు కాబోయే ఆ ఇద్దరూ స్నానాలగదిలోంచి బయటికి రాలేదు. ఒకరు భూతద్దం పట్టుకుంటే ఒకరు పాత టూత్‌బ్రష్‌తో గుడ్లు గీకుతున్నారు. గీకిన చోటే మళ్లీ గీకారు. మధ్యమధ్యలో ఒకరు వచ్చి, హాల్లో పెద్ద పగడం ముడుచుకుందేమో చూసి వెళ్లడం. మేం తెచ్చిన ఫలహారాలు గుమ్మంలోనే చల్లారిపోయాయి.

వాళ్లు వెళ్లే వేళకి అమ్మాయి ఇక ఉండబట్టలేక అడిగేసింది. "నాన్నా, మరి మా సంగతి? ఇంకా కొన్నాళ్లు గమనిస్తారా?"

ఆయన హాల్లోకి వెళ్లి పెద్ద పగడం వైపు ఒకసారి చూశారు. అది హాయిగా విచ్చుకునే ఉంది. అయినా నమ్మకం లేనట్టే తల ఊపారు.

"దాన్నంటావా, గమనించాల్సిందే," అన్నారు. "ఇతన్నంటావా, మోచేతిదాకా అక్వేరియంలోకి దిగిపోయాడు కదమ్మా. ఇంక విడిగా పెట్టేదేముంది?"