పదిహేడు నిమిషాలు

మా అక్క పోయిన రోజు మేం ఇంటి నుంచి ఉదయం ఏడూ పదికి బయలుదేరాం. గోడ గడియారం చూసి తలుపుకి తాళం వేయడం నా అలవాటు. ఆ రోజు కూడా చూశాను.

తెల్లవారుజాము నుంచే గుండెల్లో నొప్పిగా ఉందట. ఏడింటి దాకా నాకు చెప్పలేదు. చెప్పేముందు కూడా, "ఒరేయ్, నీకివాళ మొదటి పీరియడ్ ఉందా?" అని అడిగి, లేదన్నాక చెప్పింది. ముఖం నిండా చెమట. ఎడమ చేయి లాగేస్తోందంది. అంబులెన్సు మా వీధికి రావడానికే అరగంట పడుతుంది. ఆసుపత్రి పద్దెనిమిది కిలోమీటర్లు. మన కారులో వెళితే ఆ అరగంటలో అక్కడే ఉంటాం అనుకున్నాను. నేను బడిలో లెక్కల మాస్టారిని. ఆ లెక్క తప్పని ఇప్పటికీ అనుకోను.

వెనక సీట్లో పడుకోబెట్టాను. ఊరు దాటి, గోదాముల పక్క రోడ్డులో వెళుతుండగా కారు ఒక పక్కకి లాగింది. దిగి చూస్తే ముందు ఎడమ చక్రం నేలకి కూర్చుండిపోయింది. టైరులో వేలెడు మేకు. ఏడూ ఇరవై రెండు.

డిక్కీ తెరిచాను. అదనపు చక్రం, స్టెప్నీ, ఉంది. దాని మీద సుద్దముక్కతో, గుండ్రటి అక్షరాలతో "పంక్చర్" అని రాసి ఉంది. రాసింది నేనే, నాలుగు నెలల కిందట. చదివి డిక్కీ మూసేశాను.

అంబులెన్సుకి ఫోను చేశాను. వస్తోందన్నారు. మళ్లీ చేస్తే మళ్లీ అదే మాట అన్నారు. రోడ్డు మధ్యలో నిలబడి చేతులూపాను. రెండు లారీలు హారను కొట్టుకుంటూ పోయాయి. ఒక కారు నెమ్మదించి, మా కారులో మనిషి పడుకుని ఉండటం చూసి, వేగం పెంచుకుని వెళ్లిపోయింది.

మధ్యలో అక్క దగ్గరికి వెళ్లాను. అప్పటికి మాట రావడం లేదు. నన్ను చూసి కుడి చేయి ఎత్తింది. తల మీదుగా, సీటు వెనక్కి. భయపడుతోందనుకుని ఆ చేయి పట్టుకుని కిందికి దించాను. "ఎవరో ఒకరు వస్తారులే అక్కా" అన్నాను. ఆమె చేయి విడిపించుకుని మళ్లీ ఎత్తింది. మళ్లీ పట్టుకున్నాను. అప్పుడు నా వంక ఒక చూపు చూసింది. చిన్నప్పుడు నా చేత ఎక్కాలు చెప్పించేటప్పుడు, పదమూడో ఎక్కంలో నేను తప్పు చెబితే అలాగే చూసేది. ఈ పోలిక ఆ రోజు నాకు తట్టలేదు.

ఎనిమిదీ రెండుకి ఒక పాల వ్యాను ఆగింది. అందులో ఖాళీ డబ్బాల మధ్య తీసుకెళ్లాం. ఆసుపత్రి గేటు కనబడేసరికి ఆమె ఊపిరి ఆగిపోయింది.

"ఇరవై నిమిషాలు ముందు తెచ్చుంటే ఏదైనా ప్రయత్నించేవాళ్లం" అన్నాడు డాక్టరు. ఆయన మామూలుగానే అన్నాడు.

* * *

ఆ కారు మా బావది. ఆయన పోయాక అక్క నా దగ్గరికి వచ్చేస్తూ తెచ్చుకున్న వస్తువుల్లో పెద్దది అదే. నాకు పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. పదకొండేళ్లు ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం.

నాకు దేని మీదైనా పేరు రాసి పెట్టుకునే అలవాటు ఉంది. వంటింట్లో డబ్బాలన్నింటికీ కాగితాలు అంటించి ఉప్పు, పంచదార, టీపొడి అని రాశాను. అక్క ఒకసారి ఉప్పూ పంచదారా తారుమారు చేసి పెట్టింది. నేను టీ కలుపుకుని తాగి, "అక్కా, ఈ పంచదార తేడాగా ఉందేమిటి?" అన్నాను.

"డబ్బా మీద ఏం రాసుంది?"

"పంచదార అనే ఉంది."

"మరింకేం? తాగు."

తాగాను. మర్నాడు కూడా తాగాను. మూడో రోజు ఆమే నవ్వు ఆపుకోలేక చెప్పేసింది. "ఒరేయ్, నువ్వు డబ్బా చదువుతావు గానీ మూత తీసి చూడవురా. నిన్ను నమ్మి పిల్లల్ని ఎలా పంపుతున్నారో తల్లులు!" అంది. ఆ తర్వాత అది ఆమెకి ఒక ఆట అయింది. గడియారం పది నిమిషాలు వెనక్కి తిప్పడం, నా ఎర్ర కలంలో నీలం రీఫిల్ పెట్టడం, నేను ఎన్నాళ్లకి కనిపెడతానో చూసి, కూతురికి ఫోనులో చెప్పి నవ్వుకోవడం.

చక్రం మార్చడం నాకు నేర్పింది కూడా ఆమే. ఒక వేసవి సెలవుల్లో వాకిట్లో కుర్చీ వేసుకుని, చేతిలో బావ వాచీ పట్టుకుని కూర్చుంది. "మీ లెక్కల పుస్తకంలో మనుషులు గోడలు కట్టేస్తారు, తొట్లు నింపేస్తారు. ఒక్కడైనా టైరు మార్చాడా? ఊఁ, కానియ్." మొదటిసారి యాభై నిమిషాలు పట్టింది. జాకీ ఎక్కడ పెట్టాలో తెలియక మెత్తటి మట్టిలో పెట్టాను. వారం రోజులు, రోజుకోసారి విప్పించి బిగించింది. చివరికి పదిహేడు నిమిషాలకి వచ్చాను. అంతకన్నా తగ్గలేదు. "పర్లేదు, పాసయ్యావు" అంది.

అక్క పోవడానికి నాలుగు నెలల ముందు సంత నుంచి వస్తుంటే నిజంగానే టైరు పోయింది. రోడ్డు మీద నేనే మార్చాను. అక్క పక్కన నిలబడి, వచ్చే పోయేవాళ్లకి నన్ను చూపిస్తూ, "మా తమ్ముడు" అని ఎవరూ అడక్కుండానే చెప్పింది. పోయిన టైరుని డిక్కీలో పెట్టి, ఎవరూ పొరపాటున మంచిదనుకోకూడదని దాని మీద సుద్దముక్కతో రాశాను.

"ఆ టైరు చూపించరా" అనేది ప్రతి వారం.

"ఆదివారం చూపిస్తా."

"ఏ ఆదివారం? తారీకు చెప్పు."

తర్వాత పరీక్షలొచ్చాయి, పేపర్లొచ్చాయి. కొన్నాళ్లకి ఆమె అడగడం మానేసింది. విసుగొచ్చిందనుకున్నాను.

ఈ సంగతి మా మేనకోడలికి దాచలేదు. తల్లి పోయిందని వచ్చిన నాలుగో రోజున అడిగింది. "మామయ్యా, స్టెప్నీ లేదా?"

"ఉంది. అదీ పంక్చరే."

"అమ్మ చూసుకోలేదా?"

"చెప్పింది. నేనే చేయించలేదు."

చాలాసేపు ఏడ్చింది. "ఒక్క టైరు, మామయ్యా! ఒక్క పూట పని!" అని తిట్టింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నా కంచం పక్కన తన కంచం పెట్టుకుని కూర్చుని, "నువ్వు కావాలని చేశావా ఏంటి. స్టెప్నీ బాగుంటే అమ్మని అలా వదిలేసేవాడివా? తిను" అంది. నేను తిన్నాను.

ఆ తర్వాత నాకు ఒకటే అనిపించేది. అక్క అడిగిన ఆ ఒక్క పనీ ఇప్పుడైనా చేయాలి. దానివల్ల ఏమీ రాదని తెలుసు. అయినా చేయాలి.

* * *

పంక్చర్ల కొట్టాయనను మా వీధి పిల్లలు బుడగల తాత అంటారు. ట్యూబుల్ని నీళ్లలో ముంచి, బుడగలెక్కడ వస్తాయో చూస్తాడు కనక. కారు ఆ గోదాముల రోడ్డులోనే మూడు రోజులు ఉండిపోతే, మా వీధివాళ్లు లారీకి తాడు కట్టి లాగించి ఈయన కొట్టు ముందు పెట్టించారు. నేను నలభై రోజులు అటు వెళ్లలేదు. ఒక సాయంత్రం బడి నుంచి నేరుగా వెళ్లాను.

"రండి మాస్టారూ. ఇన్నాళ్లకి దారి కనిపించిందా?" అన్నాడు. వెంటనే ఆ మాటకి తనే నొచ్చుకుని, స్టూలు గుడ్డతో తుడిచి జరిపాడు.

జాకీ ఎత్తి, పానాతో నట్లు విప్పి చక్రం కింద పడేశాడు. రెండు ఇనప కడ్డీలు దూర్చి టైరు అంచు లేపి, లోపల చేయి పెట్టి ట్యూబు బయటికి లాగాడు. మేకుని పట్టుకారుతో తీసి నా కళ్ల ముందు పెట్టాడు. "చూశారా, ఎంత బుద్ధిగా దిగిందో! కొలిచి కొట్టినట్టు." ట్యూబుకి గాలి కొట్టి, సగానికి కోసిన డ్రమ్ములో నల్లటి నీళ్లలో తిప్పాడు. ఒకచోట సన్నగా బుడగలు వరసగా లేచాయి. అక్కడ ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, ఆరేదాకా నోటితో ఊదాడు. ప్యాచీ పెట్టి సుత్తితో కొట్టాడు. మళ్లీ ముంచితే నీళ్లు కదలలేదు.

చక్రం బిగించి లేచాడు. "అయిపోయింది. తీసుకెళ్లండి."

"ఇంకోటి ఉంది, డిక్కీలో. అసలు దానికోసమే వచ్చాను."

"స్టెప్నీనా? దానికేమైంది?"

"పంక్చరే. ఐదు నెలలు దాటింది. అక్క చెబుతూనే ఉండేది."

తాత నా వంక చూశాడు. "అది చేసేశానుగా మాస్టారూ."

"ఎప్పుడు?"

"మీ బడిలో పరీక్షలప్పుడు. అమ్మగారే ఆటోలో వేయించుకుని తెచ్చారు. అయ్యేదాకా ఈ స్టూలు మీదే కూర్చున్నారు."

"కాదు. రాసి ఉంది దాని మీద" అన్నాను.

తాత డిక్కీ తెరిచి, చక్రాన్ని రెండు చేతులతో ఎత్తి నేల మీదికి వదిలాడు. అది పడి, మోకాలెత్తు ఎగిరి, మళ్లీ పడి దొర్లింది. కాలు అడ్డం పెట్టి ఆపాడు. వేలికి ఉమ్మి తడి చేసుకుని వాల్వు మూతి మీద రాసి, వంగి చూశాడు. తడి బుడగ కట్టలేదు. "నిండుగా ఉంది గాలి. వేలితో నొక్కి చూడండి."

నొక్కి చూశాను. రాయిలా ఉంది. నా అక్షరాలు చెక్కు చెదరలేదు.

"ఆ రాత నేను తుడవబోతే అమ్మగారే వద్దన్నారు" అంటూ తాత నవ్వాడు. "'ఉంచు బాబాయ్, మా వాడు రాసింది చదువుతాడు గానీ ముట్టుకుని చూడడు. ఎన్నాళ్లకి కనిపెడతాడో చూద్దాం' అన్నారు. నెల పడుతుందన్నాను నేను. 'నీకు మా వాడి సంగతి తెలీదు, వేసవి సెలవులు రావాల్సిందే' అన్నారావిడ. పైగా నన్ను ఎగతాళి. 'నువ్వు అరగంట తీసుకుంటావు, మా తమ్ముడైతే పదిహేడు నిమిషాల్లో చక్రం మార్చేస్తాడు తెలుసా' అని..."

అక్కడ ఆగిపోయాడు. మొహంలో నవ్వు ఉన్నది ఉన్నట్టే కాసేపు ఉండి, తర్వాత పోయింది. "మరి ఆ రోజు..." అన్నాడు. వెళ్లి డ్రమ్ములో చేతులు కడుక్కుని, కడుక్కున్న చేతులే మళ్లీ కడుక్కోవడం మొదలుపెట్టాడు.

ఏడూ ఇరవై రెండు నుంచి ఎనిమిదీ రెండు దాకా నలభై నిమిషాలు. అందులో పదిహేడు తీసేస్తే ఇరవై మూడు. డాక్టరు అడిగింది ఇరవై.

ఆ చేయి రెండుసార్లు లేచింది, సీటు వెనక్కి, డిక్కీ వైపు. రెండుసార్లూ నేనే పట్టుకుని దించాను.

తాత తడిగుడ్డ తెచ్చాడు. "తుడిచేస్తాను మాస్టారూ. ఇంకెందుకది."

"వద్దు. అలాగే లోపల పెట్టండి" అన్నాను.

* * *

ఇంటికి వచ్చేసరికి మేనకోడలు తల్లి బట్టలు మడతపెట్టి సంచుల్లో సర్దుతోంది. సెలవు అయిపోయింది, మర్నాడు పొద్దున్నే ఆమె బస్సు.

"చేయించావా మామయ్యా?"

"చేయించాను."

"రెండూనా?"

"రెండూ బాగున్నాయి."

"హమ్మయ్య. అమ్మ ఉంటే ఏమనేదో తెలుసా? 'తారీకు రాసి పెట్టుకోండర్రా, మా వాడు పని చేశాడు' అనేది." నవ్వబోయి, చేతిలో ఉన్న చీర మొహానికి అద్దుకుంది. తర్వాత అడిగింది, "ఈ మధ్య నిన్ను దేంట్లోనైనా ఆట పట్టించిందా? పోయే ముందు ఫోనులో, 'మీ మామయ్య మీద పెద్ద పందెం వేశానే, వేసవిలో చెబుతా' అంది. ఏంటో చెప్పనేలేదు. నీకేమైనా తెలిసిందా?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నోరు తెరిచాను. ఆమె నా జవాబు కోసం చీర మడత ఆపి చూస్తోంది. నలభై రోజుల తర్వాత మొదటిసారి ఆమె ముఖంలో కాస్త తేలిక కనబడింది.

"లేదమ్మా" అన్నాను.

"పోనీలే. వేసవి సెలవుల్లో వస్తాగా, ఇద్దరం వెతుకుదాం" అంది.

ఉదయం బస్సు ఎక్కించాను. కిటికీలోంచి చేయి ఊపింది. నేనూ ఊపాను.

తర్వాతి వారం తొమ్మిదో తరగతిలో కాలం, దూరం పాఠం మొదలుపెట్టాల్సింది. దాన్ని వదిలి దాని తర్వాతిది చెబుతున్నాను. పిల్లలు అడిగితే, వెనక్కి వచ్చి చెబుతానన్నాను. మేనకోడలు ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది. తిన్నావా అని అడుగుతుంది, తిన్నానని చెబుతాను. స్టెప్నీ డిక్కీలోనే ఉంది. సెలవులకి ఇంకా ఆరు వారాలున్నాయి. ఆమెకి ఇంకా చెప్పలేదు.