బీరువాలో టీ

టీ కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్లు రుచి చూసినవాడు చప్పుడు చేయకుండా టీ తాగలేడు. చెంచాడు తీసుకుని, గాలితో కలిపి జుర్రున పీల్చి, నోరంతా తిప్పి ఉమ్మాలి. ఆ ఉద్యోగంలో జుర్రడమే పని. రిటైరైనా ఈ టేస్టర్‌కి ఆ అలవాటు పోలేదు.

వియ్యంకుడి ఇంట్లో, ఎనిమిది మంది అతిథుల మధ్య కప్పు అందుకున్నప్పుడూ అలాగే జుర్రాడు.

"మెల్లగా బావగారూ! గేదె కుడితి తాగుతోందనుకుని పక్కింటివాళ్లు వచ్చేస్తారు," అన్నాడు వియ్యంకుడు.

అందరూ నవ్వారు. అల్లుడూ నవ్వాడు. కూతురు నవ్వలేదు. తండ్రిని వంటింట్లోకి పిలిచి, "నాన్నా, మామయ్యగారి స్నేహితులు వచ్చినప్పుడు నువ్వు రాకపోతేనే మంచిదేమో," అంది.

గేదె మాట ఆయన మరిచిపోయేవాడే. కూతురి మాట మరవలేదు. అదే గదిలో, అదే కుర్చీలో కూర్చుని మళ్లీ జుర్రాలి. ఆ పిల్ల చూడాలి అనుకున్నాడు.

కొన్నాళ్లకు వియ్యంకుడే కబురు పెట్టాడు. ఒక కొండ తోట నుంచి ఆ ఏడాది మొదటి కోత టీ ఆకు ఆ పూటే వచ్చిందట. పనివాళ్లు ముట్టకుండా కాగితం పొట్లాన్ని బట్టల బీరువాలో పెట్టుకున్నాడు. టేస్టర్ వెళ్లగానే తలుపు తెరిచి చూపించాడు. శాలువాల మడతల్లో సెంటు సబ్బులున్నాయి.

టీ ఆకు పక్కనున్న వాసనని పీల్చేసుకుంటుంది. కంపెనీ గోదాములోకి అత్తరు పూసుకున్నవాణ్ణి అడుగు పెట్టనిచ్చేవారు కాదు.

"ఎలా ఉంది మా ఖజానా?"

"భద్రంగా ఉంది. ఎప్పుడు విప్పుతారు?"

"వచ్చే నెల. రండి, రండి. కుడితి మాత్రం వద్దు."

టేస్టర్ కూడా నవ్వాడు. సబ్బు సంగతి చెప్పలేదు.

నెల తర్వాత అదే గది, అవే ఎనిమిది మొహాలు. తండ్రిని చూడగానే కూతురి మొహం వాడిపోయింది. వియ్యంకుడు కళ్లు మూసుకుని ఒక చుక్క చప్పరించాడు.

"పూల వాసన తెలుస్తోందా? ఇది ఆ కొండ మీద తప్ప ఎక్కడా పుట్టదు."

"ఆహా," అన్నాడొకాయన. "నాలుక మీద నురగలా కరిగిపోయింది."

టేస్టర్ జేబులోంచి తన పాత చెంచా తీశాడు. జుర్రాడు. ఎనిమిది తలలూ తిరిగాయి. ఖాళీ కప్పులో ఉమ్మాడు.

"సబ్బు," అన్నాడు. "మీ బీరువాలో, రెండో అరలో, పట్టు శాలువా కింద ఉంది."

"ఏం మాట్లాడుతున్నారు?"

"తాళంచెవి మీ జేబులోనే ఉందిగా. తెరవండి."

వియ్యంకుడు కదల్లేదు. ఆయన భార్య తాళంచెవి లాక్కుని వెళ్లి, సబ్బు తెచ్చి కప్పు పక్కన పెట్టింది. నురగ అన్నాయన మొదట సబ్బుని, తర్వాత కప్పుని వాసన చూసి, కప్పు కింద పెట్టేశాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఈసారి అల్లుడు నవ్వలేదు.

"తెలిసీ నెల్లాళ్లు చెప్పలేదా మీరు?" అన్నాడు వియ్యంకుడు.

"గేదెనెవరు అడుగుతారు బావగారూ?"

కూతురు లేచింది. "నాన్నా, వంటింట్లో పనివాళ్ల పొడి టీ ఉంది. పెట్టనా?"

"ఇక్కడికే పట్రా."

గ్లాసులో తెచ్చి, పక్కనే కూర్చుంది. "బాగుంది. మరగడం సరిగ్గా ఆపావు," అన్నాడు. మాట వరసకి అనలేదు.

బీరువా టీ జుర్రినప్పుడు, సబ్బు వాసన అడుగున ఆ ఆకు అసలు రుచి ఒక్క క్షణం తగిలింది. అలాంటి ఆకు పదేళ్లకోసారి వస్తుంది. ఆ రోజు బీరువా దగ్గర తను ఒక్క మాట అని ఉంటే ఆ ఆకు బతికేది. ఆయన గ్లాసు ఎత్తి మళ్లీ జుర్రాడు, ఇందాకటికంటే గట్టిగా.