సూది ఏ వీధిది?

మా చెత్త షెడ్డులో నాదొక రూలు. ఒక్కో వీధి తోపుడు బండి చెత్తని విడి కుప్పగా పోయాలి. నాలుగు వీధులు, నాలుగు కుప్పలు. ఎవరైనా తడిచెత్తలో గాజుపెంకులు కలిపారో, నేరుగా ఆ వీధికి వెళ్ళి నలుగురి ముందూ దులిపేసి వచ్చేదాన్ని. షెడ్డు మేస్త్రీని మరి, నా నోటికి వార్డంతా జడుస్తుందని నాకు గొప్ప.

ఆ రోజు పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడని పొద్దున్నే ఎనిమిదింటికి ఫోను. షెడ్డులో నేల కనపడాలట! కంగారులో పొక్లెయిన్ డ్రైవర్ని కేకేసి, "అన్నీ ఓ మూలకి నెట్టెయ్" అన్నాను.

"నాలుగూ కలిపేయమంటావా అక్కా?" అని బుర్ర గోక్కుంటూ అడిగాడు కూడా.

"చెప్పింది చెయ్యవయ్యా! నీ ప్రశ్నలు తగలెయ్య!"

తీరా ఆ మహానుభావుడు కారు దిగకుండానే చూసి వెళ్ళిపోయాడు.

బిడ్డకు పాలిచ్చి ఆలస్యంగా వచ్చిన మా చెల్లెలు, అదీ మా షెడ్డులోనే పని, చెత్త ఏరడానికి ఆ కుప్ప ముందు కూర్చుంది. పావుగంటకల్లా "అబ్బా!" అని అరిచింది. కవరు ముడి విప్పబోతే లోపలున్న ఇంజెక్షన్ సూది బొటనవేల్లో దిగింది. గ్లవ్స్ ఉంటే ముడి విప్పడం కుదరదని తీసేసింది, మేమందరం తీసేస్తాం. సిరంజిలో ఎండిన రక్తం కనపడగానే దాన్ని ఆటో ఎక్కించాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ వేలు కడిగించి, మాత్ర మింగించింది. చంటిబిడ్డ తల్లి అని తెలియగానే నావైపు తిరిగింది.

"ఆ సూది వాడిన మనిషి దొరికితే రక్తం పరీక్ష చేస్తాం. ఏ జబ్బూ లేదని తేలితే ఈ మందులు ఆపేయొచ్చు, బిడ్డకి పాలూ ఇవ్వొచ్చు. దొరక్కపోతే నెల్లాళ్ళు మందులు, ఆపైన పరీక్షలు. అన్నీ తేలేదాకా పాలివ్వకపోవడమే మంచిది. ఏ వీధి చెత్తో మీకు తెలుస్తుందిగా?"

పొద్దున్న ఎనిమిదింటిదాకా తెలిసేది. కనుక్కుంటానని తలూపాను.

సాయంత్రందాకా నాలుగు వీధులూ తిరిగాను. ఆరువందల గడపలు! "మా ఇంట్లో సూదులు వాడేవాళ్ళే లేరమ్మా." "మేమా? ఛీ ఛీ!" ఒకావిడ తలుపు సందులోంచే మాట్లాడి గడియ పెట్టేసుకుంది. ఒక్క వీధే అయితే ప్రతి గుమ్మంలోనూ కూర్చుని, కాళ్ళు పట్టుకునైనా నిజం చెప్పించేదాన్ని. సగం ఇళ్ళు కూడా కాకుండానే నా గొంతు పోయింది.

ఇంటికొచ్చేసరికి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. సీసా నోట పెడితే ఉమ్మేస్తోంది. చెల్లెలు రవిక పాలతో తడిసిపోయింది. ముఖం గోడవైపు తిప్పుకుని కూర్చుంది. నేను బిడ్డను ఒళ్ళోకి తీసుకుని సీసా అందుకున్నాను.

"దొరికారా అక్కా?"

"లేదే."

"ఆ పొక్లెయిన్ వాడి చేతులు విరగ! నాలుగు కుప్పలూ కలిపి చచ్చాడు. పొద్దున్నించీ వాణ్ణే తిట్టుకుంటున్నా."

నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ ఉండలేకపోయాను.

"వాడు నన్ను అడిగాడే. నేనే కలపమన్నాను."

అది లేచి వచ్చి నా ఒళ్ళోంచి బిడ్డను తీసుకుంది. గుమ్మంలోకి వెళ్ళి, "పిన్నీ, కాస్త వచ్చి దీనికి సీసా పాలు పడతావా?" అని పక్కింటావిడను పిలిచింది.